కర్నూలు పడమటి మండలాల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు: జూన్ సంఖ్యను నమ్మాలా, ఫిబ్రవరి సంఖ్యను నమ్మాలా?

గణితం_సార్ (కోసిగి ప్రాంతం)

సభ్యులందరికీ నమస్కారం. నేను కర్నూలు జిల్లా పడమటి వైపున ఒక ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద మండలాల సంగతి తెలిసినవారికి నేను చెప్పబోయేది కొత్త కాదు. తెలియనివారు కూడా ఆలోచించాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మా పాఠశాలలో ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతుల బలం జూన్, జూలై నెలల్లో చూస్తే ఏ లోటూ కనిపించదు. దసరా సెలవుల తరువాత బెంచీలు ఖాళీ కావడం మొదలవుతుంది. దీపావళి దాటాక కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే పంట కోతల పనికి, బొలెరోల్లోనూ లారీల్లోనూ గుంటూరు, పల్నాడు వైపో, తెలంగాణ పత్తి చేలకో తరలిపోతాయి. ముందు పత్తి తీత ఉంటుంది, సంక్రాంతి తరువాత మిరప కోతలు వస్తాయి. ఉగాదికి తిరిగి వచ్చేవారు వస్తారు, మరికొందరు ఏప్రిల్‌లో సమ్మేటివ్ (సంవత్సరాంత) పరీక్షలు మొదలయ్యాక వస్తారు.

ప్రాథమిక తరగతుల పిల్లలు కూడా వెళతారు, కానీ వారిని ఇంటి దగ్గర చూసుకునేవారు లేక తీసుకుపోతారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల పరిస్థితి వేరు. పత్తి తీతకు కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట పన్నెండేళ్ల పిల్లవాడు తీసిన పత్తి కూడా తల్లి మూటలోనే తూకానికి వస్తుంది. ఆ వయసుకు వచ్చేసరికి బిడ్డ బడిలో ఉండటం అంటే ఆ ఇంటికి రోజుకు ఇన్ని కిలోల నష్టం. మాధ్యమిక స్థాయిలోనే బడి ఎందుకు ఖాళీ అవుతుందో అడిగేవారికి నా దగ్గర ఉన్న మొదటి సమాధానం ఇది.

నా ప్రశ్న ఏమిటంటే, పాఠశాల మంచిదా, వెనకబడిందా అని తేల్చేటప్పుడు అధికారులు, పత్రికలు, ఊరి పెద్దలు అందరూ రెండే సంఖ్యలు చూస్తున్నారు. ఒకటి నమోదు, రెండోది పరీక్షా ఫలితం. నమోదు పిల్లలు ఊళ్లో ఉన్న నెలల్లోది, ఫలితం వాళ్లు లేని నెలల తరువాతది. మధ్యలో జరిగిన ఖాళీ ఏ పట్టికలోనూ రాదు. ఫిబ్రవరి నెల సగటు హాజరును కూడా ప్రతి పాఠశాల పేరు పక్కన ప్రకటించాలని నేను అంటాను. మీ అభిప్రాయాలు తెలియజేయండి.

విశ్రాంత ఎంఈవో

మాస్టారు చెప్పినదంతా నిజం. ఆ మండలాల్లో మండల విద్యాధికారిగా (ఎంఈవో) పనిచేసినవాడిగా ఒప్పుకుంటున్నాను. అయితే ఆయన సూచనలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని ముందే చెప్పడం మంచిది.

యూడైస్, అంటే దేశంలోని బడులన్నిటి నుంచి ఏటా సేకరించే ప్రభుత్వ లెక్కలకు ప్రామాణిక తేదీ సెప్టెంబరు 30. అంటే మన పడమటి మండలాల విషయంలో సుగ్గికి ముందరి తేదీ. ఈ తేదీ వల్ల అసలు సమస్య కనిపించకపోవచ్చు, కానీ దానివల్లనే మనకు ఉపాధ్యాయ పోస్టులు నిలబడుతున్నాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. విజ్ఞాన, గణిత శాస్త్రాలకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి. ఫిబ్రవరి సంఖ్యను బహిరంగంగా పెట్టిన మరుసటి సంవత్సరమే ఎవరో ఒక అధికారి దాన్ని పిల్లల సంఖ్యను బట్టి పోస్టులను సర్దే రేషనలైజేషన్‌కు వాడితే, ఉన్న సబ్జెక్టు టీచరు మిగులుగా తేలి మరో మండలానికి వెళ్లిపోతారు. అప్పుడు జూన్‌లో వచ్చే పిల్లలకు కూడా గణితం చెప్పేవారు ఉండరు.

ఇది ఊహ కాదు. సంఖ్యను బట్టి బడుల రూపం మార్చడం మనం కళ్లారా చూశాం. 2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు కలిపారు. సబ్జెక్టు టీచర్లతో పాఠం చెప్పించాలన్నది అందులోని ఉద్దేశం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఒకటి, రెండు తరగతులు మాత్రమే మిగిలిన బడులు చాలా ఊళ్లలో ఒక్క టీచరు చేతిలో పడ్డాయి. 2025లో ఆ జీవోను రద్దు చేసి, పాఠశాలలను తొమ్మిది రకాలుగా వర్గీకరించి, పిల్లల సంఖ్యను బట్టి కొన్ని ప్రాథమికోన్నత పాఠశాలలను తగ్గించారు, కొన్నింటిని పెంచారు. మూడేళ్లలో రెండుసార్లు చట్రం మారింది. ఈ రెండు సందర్భాల్లోనూ నిర్ణయం తీసుకున్నది సంఖ్యను చూసే. కాబట్టి కొత్త సంఖ్యను సృష్టించే ముందు అది ఎవరి చేతికి వెళుతుందో ఆలోచించాలి.

పత్తి_మండీ_ఆదోని

నేను టీచరును కాదు, ఆదోని మార్కెట్ యార్డులో గుమాస్తాను. మా సొంత ఊరు కౌతాళం మండలంలో ఉంది, మా అన్న కుటుంబం ఇప్పటికీ ప్రతి ఏటా సుగ్గికి పోతుంది. అందుకని ఇంటి వైపు నుంచి రెండు మాటలు రాస్తున్నాను.

పోవడమా, ఉండటమా అన్నది దీపావళి రోజున తీసుకునే నిర్ణయం కాదు. వర్షాకాలంలో విత్తనానికి, ఎరువుకు, పెళ్లికి, ఆసుపత్రికి కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నప్పుడే అది అయిపోతుంది. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఇంట్లో ఎన్ని చేతులు ఉన్నాయో మేస్త్రీ లెక్కగడతాడు. తుంగభద్ర దిగువ కాలువ చివరి భూములకు నీరు అందిన ఏడాది ఊరు కొంచెం నిలబడుతుంది, వాన మోసం చేసిన ఏడాది ఊళ్లో ముసలివాళ్లు మాత్రమే మిగులుతారు. టీచర్లు అక్టోబరులో ఇల్లిల్లూ తిరిగి బతిమాలుతారు. వాళ్ల మంచితనాన్ని నేను కాదనను, కానీ అప్పటికే మాట ఇచ్చేసిన ఇంటి ముందు నిలబడి మాట్లాడుతున్నారు.

ఇంకొక సంగతి ఉంది. బిడ్డ పేరు బడిలో ఉండాలని తల్లిదండ్రులు కోరుకుంటారు. అమ్మ ఒడి రోజుల్లో 75 శాతం హాజరు నిబంధన ఉండేది. సుగ్గికి పోయిన ఇంటివాళ్లు ఫోన్ చేసి హాజరు వేయమని టీచర్లను ప్రాధేయపడటం నాకు తెలుసు. ఇప్పుడు తల్లికి వందనం కింద ప్రతి బిడ్డకూ సొమ్ము వస్తోంది, మంచిదే. కానీ ఒక సీజనులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి తెచ్చే కూలి దానికంటే ఎంతో ఎక్కువ. పథకం సొమ్ముతో సుగ్గి ఆగుతుందని అనుకునేవారు ఆ రెండు మొత్తాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

సంఖ్యల_సంగతి

నేను విద్యా గణాంకాల మీద పరిశోధన చేస్తున్నాను. ఇక్కడ నడుస్తున్న చర్చకు సంబంధించిన కొన్ని విషయాలను జతచేస్తాను.

నమోదు తగ్గిందని చెప్పే ప్రతి వార్తనూ రెండు జాగ్రత్తలతో చదవాలి. యూడైస్ ప్లస్ 2022-23 నుంచి తరగతివారీ మొత్తాలను కాకుండా ఒక్కొక్క విద్యార్థి వివరాన్ని విడిగా సేకరిస్తోంది. ఒకే బిడ్డ పేరు ప్రభుత్వ బడిలోనూ ప్రైవేటు బడిలోనూ ఉంటే అది ఇప్పుడు బయటపడుతుంది. అందువల్ల అంతకు ముందు సంవత్సరాలతో సూటిగా పోల్చడం సరికాదు. ఇక రెండోది, పిల్లలే తక్కువగా పుడుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంతాన సాఫల్య రేటు 1.7, తెలంగాణది 1.8. ఒక తరం స్థానాన్ని మరో తరం భర్తీ చేయడానికి 2.1 కావాలి. ఇప్పుడు ఆరో తరగతిలోకి వచ్చేవారు ఆ తగ్గిన సంఖ్యలోని వారే. ప్రతి ఖాళీ బెంచీకీ టీచరునో ప్రైవేటు బస్సునో కారణంగా చూపించలేం.

అభ్యసన విషయానికి వస్తే, గ్రామీణ ప్రాంతాల్లో ఇళ్లకు వెళ్లి చేసే అసర్ 2024 సర్వే ప్రకారం దేశవ్యాప్తంగా ఎనిమిదో తరగతి ప్రభుత్వ పాఠశాల విద్యార్థుల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 67.5 శాతం. 2018లో ఇది 69 శాతం ఉండేది. అదే సర్వేలో అన్ని రకాల బడుల ఎనిమిదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవారు 45.8 శాతం మాత్రమే. కోవిడ్ వల్ల పడిన దెబ్బ నుంచి చిన్న తరగతులు కోలుకున్నంతగా ఎనిమిదో తరగతి కోలుకోలేదు.

గణితం సార్ ప్రశ్నకు నేరుగా సంబంధించిన మాట ఇంకొకటి ఉంది. పిల్లల అభ్యసన స్థాయిని పరీక్షించే జాతీయ సాధన సర్వే 2017లోనూ 2021లోనూ నవంబరు నెలలో జరిగింది. ఆ తరువాత వచ్చిన పరఖ్ సర్వే 2024 డిసెంబరు 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు పెట్టారు. మీరు చెప్పిన క్యాలెండరు ప్రకారం ఆ తేదీలకు వలస కుటుంబాల పిల్లల్లో చాలామంది బడిలో ఉండరు. అంటే అలాంటి మండలాల ఫలితం, అది ఎంత తక్కువగా ఉన్నా, ఊళ్లో మిగిలిన పిల్లల ఫలితమే. అసలు పరిస్థితి దానికంటే ఇంకా కష్టంగా ఉండి ఉంటుంది.

కస్తూర్బా_టీచర్

సంఖ్యల సంగతి గారు చెప్పినదానికి బడిలో మేము చూసేదాన్ని కలుపుతాను. ఊరి బడి ఫలితం మీద వలస ఒక్కటే పనిచేయడం లేదు. నాలుగు, ఐదు తరగతులు ముగిసే వేళకు ఒక వడపోత జరుగుతుంది. గురుకులాల్లో ఐదో తరగతిలో చేరుతారు. నవోదయ, ఆదర్శ పాఠశాలల్లో ఆరో తరగతిలో ప్రవేశ పరీక్ష రాసి చేరుతారు. నవోదయలో 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే కేటాయిస్తారు, ఆ అవకాశం ఎంతో గొప్పది. అయితే ప్రవేశ పరీక్ష రాయించగల ఇల్లు, చదవగల బిడ్డ ముందుగా వెళ్లిపోతే ఊరి ఉన్నత పాఠశాలలో ఆరో తరగతి ఎవరితో మొదలవుతుందో ఆలోచించండి. తరువాత ఎనిమిదో తరగతి ఫలితాలను పక్కపక్కన పెట్టి ఊరి బడి వెనకబడిందని అంటే, అక్కడి టీచరుకు అది అన్యాయమే.

మా కస్తూర్బా విద్యాలయాలు దీనికి భిన్నంగా, బడి మానేసిన, బడికి దూరమైన ఆడపిల్లల కోసం 2004లో మొదలైన పథకం కింద వచ్చాయి. పడమటి మండలాల్లో ఒక ఆడపిల్ల ఆరో తరగతిలో మా దగ్గర చేరిందంటే ఆమెకు సుగ్గి బెడద చాలావరకు తప్పినట్టే. ఐనా జనవరిలో తల్లుల నుంచి ఫోన్లు వస్తాయి. ‘చిన్నోడిని చూసుకోవడానికి పాపను పది రోజులు పంపండి మేడమ్’ అని అడుగుతారు. పది రోజులకని పంపిన కొందరు పిల్లలు మళ్లీ రాలేదు. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి మధ్యలో అలా ఆగిపోయిన అమ్మాయి పెళ్లి కబురు మరుసటి వేసవికి వినిపిస్తుంది. 2019-21 సర్వేలో రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల వయసు స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని తేలింది. ఆ శాతం వెనుక ఉన్న ముఖాల్లో కొన్ని నాకు తెలుసు.

మగపిల్లల మాటను ఎవరూ ఎత్తడం లేదు. మా అమ్మాయిల తమ్ముళ్లకు ఆ ఊరిలోనే ఉండే ఏర్పాటు కావాలి. అక్క హాస్టల్లో, తమ్ముడు పత్తి చేలో ఉన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

మక్తల్_పంతులు

మేము తుంగభద్ర, కృష్ణ రెండింటికీ అవతల, తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో ఉన్నాం. పాలమూరు వలసల గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. మా దగ్గర తరలిపోయేవారు ఎక్కువగా ముంబయి, పుణె, బెంగళూరు, హైదరాబాదు నిర్మాణ పనులకు పోతారు. కాబట్టి ఉగాదికి తిరిగి రావడమన్న నియమం కూడా ఉండదు.

మేడమ్ చెప్పిన వడపోత తెలంగాణలో మరింత బలంగా ఉంది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల ఆలోచన 2014 తరువాత వందల గురుకులాలుగా విస్తరించింది. వాటిలో చదివిన పేద పిల్లలు ఎంత ఎత్తుకు ఎదిగారో చూసి గర్వపడుతున్నాను. ఆ గర్వంతోపాటే ఊరి బడి తరిగిపోవడాన్ని కూడా చూస్తున్నాను. 2024-25 యూడైస్ లెక్కల్లో ఒక్క విద్యార్థి కూడా లేని బడులు దేశం మొత్తం మీద 7,993 ఉంటే, తెలంగాణలో 2,245 ఉన్నాయి. మనకంటే పైన ఉన్నది పశ్చిమ బెంగాల్ ఒక్కటే. ఇందులో ఎక్కువ భాగం ప్రాథమిక బడులే అయినా, ఆ బడి నుంచి పిల్లలు రావలసిన ఉన్నత పాఠశాల సంగతి అడగనక్కరలేదు.

కొత్త_డీఎస్సీ

పెద్దలకు నమస్కారం. నేను 2025 డీఎస్సీలో ఎంపికై కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి వచ్చాను. బయటి నుంచి వచ్చిన కళ్లతో చూసినది రాస్తున్నాను, తప్పుంటే సరిదిద్దండి.

ఏడో తరగతిలో భిన్నాల పాఠం మొదలుపెట్టాను. సగం మంది పిల్లలకు సమస్య భిన్నాలతో కాదు, లెక్కలోని వాక్యం చదవడంతో వచ్చింది. ఇంట్లో కన్నడమో, కన్నడం కలిసిన తెలుగో మాట్లాడతారు. పుస్తకంలో ఒక పుట ఆంగ్లం, ఎదుటి పుట తెలుగు. నేను మాట్లాడే కోస్తా తెలుగు వారికి మూడో భాష లాంటిది. మొదటి నెలలో వాళ్లు తలలూపుతుంటే అర్థమైందనుకున్నాను. తరువాత సరిహద్దు గ్రామాల నుంచి వచ్చే ఒక సహోద్యోగి దగ్గర లెక్కలకు పనికొచ్చే కన్నడ మాటలు నేర్చుకుని చెబితే తరగతి మారిపోయింది.

వీరు ఇంత వెనకబడి రావడానికి కారణం కింది తరగతుల్లో ఉంది. దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు అన్నిటికంటే ఎక్కువగా, 12,912, మన రాష్ట్రంలోనే ఉన్నాయని 2024-25 లెక్కలు చెబుతున్నాయి. ఐదు తరగతులకు ఒక్కరే ఉన్న బడిలో, దానికి తోడు ఏడాదిలో నాలుగు నెలలు చేలలో గడిపిన బిడ్డ ఆరో తరగతికి వచ్చి తెలుగు వాచకం తడుముకుంటూ చదివితే ఆశ్చర్యం ఏముంది? ఐదేళ్లపాటు ప్రతి ఏటా నాలుగు నెలలు పోతే, ఆ బిడ్డ అసలు బడిలో ఉన్నది మూడున్నర సంవత్సరాలకు మించదు.

నేను ఒక మార్పు ప్రయత్నిస్తున్నాను. వార్షిక ప్రణాళికలో ఉన్న వరుసను కొంచెం పక్కన పెట్టి, పై తరగతికి పునాది అయిన భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి, సరళ సమీకరణాలను దసరాలోపే పూర్తి చేయాలని చూస్తున్నాను. దత్తాంశ నిర్వహణ, సౌష్ఠవం వంటి పాఠాలను డిసెంబరు తరువాతకు మార్చాను. వెళ్లిపోయే పిల్లలకు కనీసం తెగని తాడు ఒకటి చేతిలో ఉంటుంది. కానీ ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల ప్రశ్నపత్రం రాష్ట్రమంతటికీ ఒకటే కావడంతో, నా తరగతి మార్కులు మొదటి పరీక్షలో తక్కువగా కనిపించాయి. ఇలాంటి మండలాలకు పాఠాల వరుస మార్చుకునే వెసులుబాటు ఇవ్వమని అడగడం సాధ్యమేనా?

ప్రత్తిపాడు_మిర్చి_రైతు

ఈ చర్చలో మా వైపు మాట కూడా ఉండాలని రాస్తున్నాను. గుంటూరు జిల్లాలో మిరప వేసే రైతులకు కర్నూలు కూలీలు లేకపోతే పంట ఇంటికి రాదు. ఎండిన కాయ కోతకు వచ్చిన రోజున ఆలస్యమైతే రంగు పోతుంది, ధర పోతుంది. అందువల్ల వచ్చినవారిలో పిల్లలు ఉన్నారా అని ఎవరూ ఆరా తీయరు. పిల్లలు చేలో ఉండటం తప్పని తెలిసే మౌనంగా ఉంటున్నాం. ఆ తప్పు మాది కూడా.

మా ఊరి బడి ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కూలీల గుడారాల నుంచి చిన్న పిల్లలను అక్కడికి పంపించాలని మేము కొందరం మాట్లాడుకున్నాం. టీచర్లు కాదనలేదు. మధ్యాహ్నం భోజనం దొరుకుతుందని చెబితే ప్రాథమిక తరగతుల పిల్లలు కొందరు వెళ్లారు. పెద్ద పిల్లలు వెళ్లలేదు. పనిలో ఉన్న పిల్లవాడిని పన్నెండు వారాల కోసం కొత్త తరగతిలో కూర్చోబెట్టడం తల్లిదండ్రులకూ ఇష్టం లేదు, వాడికీ సిగ్గు. అందుకని నా అభిప్రాయం, ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లలను ఇక్కడికి తెచ్చాక బడిలో వేయడం కంటే అక్కడే ఉంచే ఏర్పాటు చేయడం మేలు.

విశ్రాంత ఎంఈవో

రైతు సోదరుడు నిజాయితీగా రాశారు, సంతోషం. చట్టం గురించి ఒక మాట జోడిస్తాను. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం బిడ్డకు ఒక బడి నుంచి మరో బడికి మారే హక్కు ఉంది. టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో ఏ ప్రధానోపాధ్యాయుడూ చేర్చుకోవడం ఆపకూడదు. ఈ సంగతి రెండు జిల్లాల టీచర్లకూ తెలిసి ఉంటే బాగుంటుంది.

అయితే కాగితం మీద మారడంలో ఒక చిక్కు ఉంది. యూడైస్‌లో బిడ్డను ఇక్కడి బడి డ్రాప్ బాక్సులో, అంటే బడి విడిచినవారి జాబితాలో, పెడితేనే అక్కడి బడి తమ దగ్గరికి తీసుకోగలదు. డ్రాప్ బాక్సులో పెట్టిన రోజు నుంచి ఇక్కడి బలం తగ్గుతుంది, తల్లికి పథకం సొమ్ము రాదేమోనన్న భయం ఉంటుంది. కాబట్టి ఎవరూ పెట్టరు. బిడ్డ పేరు కోసిగిలో, బిడ్డ గుంటూరులో ఉండిపోతారు.

ఫ్రెస్నో_తెలుగు

మాది ఆళ్లగడ్డ. ఇప్పుడు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో కౌంటీలో ఉంటున్నాను. ఈ కౌంటీ అంతా ద్రాక్ష, బాదం తోటలు. పంట వెంట తిరిగే కుటుంబాల పిల్లలు ఇక్కడి మిడిల్ స్కూళ్లలో ఎప్పటినుంచో ఉన్నారు. వారి కోసం 1966లోనే అమెరికా సమాఖ్య ప్రభుత్వం ప్రత్యేక వలస విద్యా కార్యక్రమం పెట్టింది. బిడ్డ ఏ రాష్ట్రానికి వెళ్లినా అతని మార్కులు, టీకాల వివరాలు, చదివిన పాఠాలు కొత్త బడికి కంప్యూటరులో అందే ఏర్పాటు ఉంది. రెండు రాష్ట్రాల మధ్య సాధ్యమైన పని ఒకే రాష్ట్రంలోని రెండు జిల్లాల మధ్య సాధ్యం కాకపోవడానికి కారణం కనిపించదు. డ్రాప్ బాక్సు కాకుండా, పేరు సొంత బడిలోనే ఉంచి హాజరు మాత్రం రెండో బడిలో వేయగలిగే ‘తాత్కాలిక విద్యార్థి’ గడి ఒకటి ఉంటే చాలు.

ఎంఈవో గారి భయం విషయంలో ఇక్కడి అనుభవం ఆయన పక్షానే ఉంది. కాలిఫోర్నియాలో పాఠశాలలకు నిధులు నమోదును బట్టి కాకుండా సగటు రోజువారీ హాజరును బట్టి వస్తాయి. దీనివల్ల హాజరు మీద శ్రద్ధ పెరిగిందన్నది నిజమే. కానీ పిల్లలు ఎక్కువగా గైరుహాజరయ్యే పేద ప్రాంతాల బడులకే నిధులు తగ్గుతాయన్న విమర్శ కూడా బలంగా ఉంది. ఎక్కడ అవసరం ఎక్కువో అక్కడే కోత పడుతుంది. మీరు ఫిబ్రవరి సంఖ్యను అడిగేటప్పుడు దాన్ని పోస్టులకు ముడిపెట్టకూడదని రాతపూర్వకంగా అడగండి.

కౌతాళం_కమిటీ_సభ్యుడు

నేను మా బడి పేరెంట్స్ కమిటీలో ఉన్నాను. అందరూ సీజనల్ హాస్టల్ గురించి చుట్టూ తిరుగుతున్నారు, సూటిగా ఎవరూ రాయలేదు, అందుకని రాస్తున్నాను.

సమగ్ర శిక్ష కింద వలస పోయే కుటుంబాల పిల్లల కోసం ఊళ్లోనే, చాలాసార్లు బడి ఆవరణలోనే, సీజనల్ హాస్టల్ నడుపుతారు. మధ్యాహ్నం బడి భోజనం ఉంటుంది, ఉదయం, రాత్రి తిండి హాస్టల్‌లో పెడతారు. రాత్రిపూట కొందరు పిల్లలు అక్కడే పడుకుంటారు, కొందరు అవ్వల ఇళ్లకు పోతారు. ఇది మంచి ఏర్పాటు, కళ్లతో చూసి చెబుతున్నాను. మా అవ్వలు వండిపెట్టలేని వయసులో ఉన్నారు. రెండు పూటలా తిండి దొరుకుతుందంటే బిడ్డను వదిలి వెళ్లడానికి తల్లి ఒప్పుకుంటుంది.

లోపం ఎక్కడుందంటే, తెరిచే తేదీలో ఉంది. పిల్లల జాబితా తయారై, పైకి వెళ్లి, మంజూరు వచ్చి, వంటమనిషిని పెట్టేసరికి బండ్లు కదిలిపోయి ఉంటాయి. పోయిన బిడ్డను గుంటూరు నుంచి ఎవరు వెనక్కి పంపుతారు? జాబితా తయారు చేసేందుకు ఇళ్లు ఖాళీ కావాల్సిన పని లేదు. నిరుడు ఎవరు పోయారో హాజరుపట్టీ చూస్తే తెలుస్తుంది. దాన్నిబట్టి ఆగస్టులోనే మంజూరు ఇచ్చి, దసరా సెలవులు ముగిసిన రోజున పొయ్యి వెలిగించాలి. ఆదోని అన్న చెప్పినట్టు మేస్త్రీ అడ్వాన్సు వానాకాలంలోనే ఇస్తాడు కాబట్టి, బిడ్డకు ఇక్కడ చోటు ఉందన్న మాట కూడా తల్లికి వానాకాలంలోనే అందాలి. అప్పుడు ఆమె మేస్త్రీతో మూడు చేతులకే మాట్లాడుకుంటుంది.

ఆడపిల్లల విషయం వేరుగా చూడాలి. రాత్రి ఉండే మహిళా సంరక్షకురాలు, తలుపు గడియ, నీళ్లున్న మరుగుదొడ్డి లేకుండా ఎవరూ ఏడో తరగతి అమ్మాయిని వదిలి వెళ్లరు. వదిలి వెళ్లమని అడగడం కూడా న్యాయం కాదు.

పత్తి_మండీ_ఆదోని

కమిటీ సోదరుడి మాట నూటికి నూరుపాళ్లు సరైనది. మా వదిన పోయిన ఏడాది హాస్టల్ తెరుస్తారేమోనని ఒక వారం ఆగి చూసింది. మేస్త్రీ బండి ఇంక ఆగదన్నాడు. పిల్లవాడు బండి ఎక్కాడు. అతడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఎన్‌ఎంఎంఎస్ అనే ప్రతిభా ఉపకార వేతన పరీక్ష రాయించాలని టీచరు పట్టుబడుతున్నారు. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయట. ఆ పరీక్ష ఏ నెలలో ఉంటుంది?

గణితం_సార్ (కోసిగి ప్రాంతం)

ఎన్‌ఎంఎంఎస్ సాధారణంగా డిసెంబరు నెలలో ఉంటుంది. దరఖాస్తులు అంతకు రెండు నెలల ముందే మొదలవుతాయి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు మాత్రమే అర్హులు. కులధ్రువీకరణ, ఆదాయ పత్రాలు ఇప్పుడే సిద్ధం చేయించండి. పరీక్ష రోజు వరకైనా పిల్లవాడు ఊళ్లో ఉండేలా మీ అన్నగారితో మాట్లాడండి. తరువాత చూద్దామనుకోకండి.

మిగతా విషయానికి వస్తే, ఎంఈవో గారి అభ్యంతరాన్ని, ఫ్రెస్నో సోదరుడి సమాచారాన్ని చదివాక నా కోరికను మరింత స్పష్టంగా రాయవలసి ఉందని తోచింది. ఉపాధ్యాయ పోస్టులకు సెప్టెంబరు 30 సంఖ్యే ఆధారంగా ఉండాలి. ఫిబ్రవరి హాజరును సీజనల్ హాస్టల్ సీట్లకు, మరుసటి ఏడాది మంజూరుకు, ఫలితాలను బేరీజు వేయడానికి మాత్రమే వాడాలి. ఒక బడి ఎనిమిదో తరగతి ఫలితాన్ని చెప్పేటప్పుడు, ఏడాది పొడవునా హాజరైన పిల్లల ఫలితం, వలస పోయి వచ్చిన పిల్లల ఫలితం విడివిడిగా చెప్పాలి. మొదటిది తక్కువగా ఉంటే అది మా బోధన లోపం, దానికి మేము జవాబు చెప్పాలి. రెండోది తక్కువగా ఉంటే హాస్టల్ ఎప్పుడు తెరిచారని అడగాలి. ఈ రెండింటినీ కలిపి ఒక సగటు తీయడం వల్ల ఎవరినీ ఏమీ అడగలేని స్థితి వస్తోంది.

కొత్త డీఎస్సీ గారూ, పాఠాల వరుస మార్చడం గురించి అడిగారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మన నాలుగైదు మండలాల గణితం టీచర్లందరం కలిసి పెడితే ఆ వినతికి బలం ఉంటుంది. మీరు చేసిన వరుసను రాసి పంపండి, నేను ఆరో తరగతికీ ఎనిమిదో తరగతికీ అలాంటిది తయారు చేస్తాను. ఇంకో మాట, ఇక్కడికి వచ్చిన మంచి టీచర్లు బదిలీ పాయింట్లు నిండగానే వెళ్లిపోవడం ఈ మండలాల పాత బాధ. ఒక తరగతినైనా ఆరు నుంచి ఎనిమిది పూర్తయ్యేదాకా మీరే చూడగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు.

కొత్త_డీఎస్సీ

తప్పకుండా సార్. ఈ ఆరో తరగతి ఎనిమిది పూర్తి చేసేవరకు బదిలీకి దరఖాస్తు పెట్టను. పాఠాల వరుస ఆదివారంలోపు పంపిస్తాను.

సంఖ్యల_సంగతి

గణితం సార్ చెప్పిన రెండు వర్గాల విభజనకు ఒక చిన్న సవరణ సూచిస్తాను. వలస పోయిన రోజుల సంఖ్య కూడా ఉండాలి. నాలుగు వారాలు పోయిన బిడ్డను, ఇరవై వారాలు పోయిన బిడ్డను ఒకే వరుసలో వేస్తే మళ్లీ అదే సగటు సమస్య వస్తుంది. పిల్లల పేర్లు లేకుండా తరగతి, వెళ్లిన వారం, వచ్చిన వారం, ఎక్కడికి, హాస్టల్ దొరికిందా లేదా అన్న ఐదు గడులతో ఒక పట్టిక చేసి ఇక్కడ పెడతాను. గత సంవత్సరం హాజరుపట్టీల నుంచి దాన్ని నింపగలిగిన టీచర్లు తమ మండలం పేరు రాయండి. ముందుగా కోసిగి, కౌతాళం, హొళగుంద మండలాలతో మొదలుపెడదాం.

కౌతాళం_కమిటీ_సభ్యుడు

కౌతాళం నుంచి మా బడి వివరాలు నింపే పని నాది. ప్రధానోపాధ్యాయుల వారి అనుమతి రేపు అడుగుతాను.